విడిపించుట ఎన్ని విధములు?

మూలవాక్యము: 2 కొరింథీయులకు 1:8–10
ఇతర పాఠములు: లేవీయకాండము 25, లూకా 13:10–17, మత్తయి 27:15–43



మన సంఘములోనుండి పట్టణమునకు వెళ్లి కళాశాలలో చదువుకొనుచున్న యువకుడొకడు సెలవులకు ఇంటికి వచ్చి, ఒక సాయంకాలము ఇంగ్లీషు బైబిలు చేతపట్టుకొని నాయొద్దకు వచ్చెను.

“అయ్యగారూ, ఇందులో ఒకచోట సేవ్ అని, ఒకచోట డెలివర్ అని, ఇంకొకచోట రెస్క్యూ, రిడీమ్, రిలీజ్ అని ఇన్ని మాటలున్నాయండి. మనం ప్రార్థనలో ఎప్పుడూ ‘విడిపించు ప్రభువా’ అనే అంటాం. ఇవన్నీ ఒకటేనాండి?” అని అడిగెను.

“అన్నీ ఒకటే నాయనా” అని చెప్పి పంపివేసితిని. అతడు వెళ్లిన తరువాత నా మనస్సు నెమ్మది పొందలేదు. ఎందుకనగా అవి ఒకటి కావని నాకు నేర్పిన సంగతి ఒకటి చాలకాలము క్రిందట జరిగినది. దానిని మరచినట్లు జవాబిచ్చితిని.

అప్పుడు నేను వేరొక గ్రామములో సేవ చేయుచుంటిని. ఆ సంఘములో ఒక విధవరాలుండెను. పెనిమిటి జబ్బునకు అప్పు తెచ్చి నోటు వ్రాసియిచ్చెను. అతడు ప్రభువునందు నిద్రించెను; అప్పు మాత్రము నిద్రింపలేదు. ఇంట ఉన్న ఒక్క గేదె పాలు అమ్మి, నెలనెలా వడ్డీ కట్టుచుండెను. నేను వెళ్లి కీర్తన చదివి, మోకరించి, “ప్రభువా, నీ దాసురాలిని ఈ బాధనుండి విడిపించుము” అని గట్టిగా ప్రార్థన చేసితిని. ఆమె ఇచ్చిన మజ్జిగ త్రాగి లేచితిని. గుమ్మము దాటుచుండగా ఆమె మెల్లగా, “ప్రార్థన మంచిదేనండి అయ్యగారూ. కాని నోటు ఆయన పెట్టెలోనే ఉంది గదండీ” అనెను. “విశ్వాసముంచమ్మా” అని చెప్పి నా దారిని నేను పోతిని. మరుసటి నెల వెళ్లి చూడగా పాకలో గుంజ ఉన్నది, గేదె లేదు.

ప్రియులారా, నేను చేసిన ప్రార్థనలో అబద్ధము లేదు. అయినను ఆమె కష్టము ఏ విధమైనదో, దానికి తగిన విడుదల ఏదో నేను ఆలోచింపలేదు. అన్ని తాళములకు ఒకే తాళపుచెవి పట్టునని అనుకొంటిని. కాబట్టి ఆ యువకుడు అడిగిన ప్రశ్నకు ఈ నెల మీయెదుట సరియైన జవాబు చెప్ప గోరుచున్నాను.

మనము సేద్యగాండ్రము. ఇంగ్లీషు రానివారికి కూడ ఈ మాటలు తేటగా తెలియునట్లు నాలుగు ఎద్దులను మీ కన్నులయెదుట నిలువబెట్టెదను. ఒకటి బావిలో పడినది. ఒకటి గుంజకు కట్టబడినది. ఒకటి అప్పుక్రింద పోయినది. ఒకటి కాడి మోయుచున్నది. నాలుగింటికిని కష్టమే, నాలుగింటిని విడిపింపవలసినదే. కాని బావిలో పడినదానికి పలుపు విప్పినందువలన లాభమేమి? అప్పుక్రింద పోయినదానికి మోకు వేసి లాగినయెడల దొంగతనమగును గదా!

1. బావిలో పడిన ఎద్దు

విశ్రాంతిదినమున ఎద్దు గుంటలో పడినయెడల మీలో ఎవడు దానిని వెంటనే పైకి తీయడని ప్రభువు పరిసయ్యులను అడిగెను (లూకా 14:5). ఈ విధముగా పైకి తీయుటకు ఇంగ్లీషువారు రెస్క్యూ అందురు. ఈ మాట పాత ఫ్రెంచి భాషనుండి వచ్చినది. పట్టుకొన్నదానిని విదలించి వదలగొట్టుట అను భావము దాని మూలములో ఉన్నది. ఇది అపాయవేళ పనికివచ్చు మాట. ఎద్దు బావిలో పడెనని కేక వినబడగానే ఊరంతయు మోకులు పట్టుకొని పరుగెత్తును. ఎవరి ఎద్దని, ఎట్లు పడెనని, గట్టు ఎందుకు కట్టలేదని అప్పుడు అడుగరు. ఆలస్యమైనయెడల ప్రాణము పోవును. పడినది తనంతట తాను ఏమియు చేయజాలదు. బలము పైనుండియే రావలెను.

దావీదు గొర్రెపిల్లను సింహపు నోటనుండి విడిపించినది ఈలాగే (1 సమూయేలు 17:34–35). అతడు సింహముతో బేరమాడలేదు. వెంటాడి, కొట్టి, నోటనుండి లాగుకొనెను. సింహముల గుహనుండి దానియేలు బయటికి వచ్చినప్పుడు దర్యావేషు రాజు దేవునిగూర్చి వ్రాయించిన మాటలలో (దానియేలు 6:27), 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలు డెలివర్ అనియు రెస్క్యూ అనియు రెండు మాటలను ప్రక్కప్రక్కనే వాడినది. 40వ కీర్తన రెండవ వచనమును తెరచి చూడుడి. జిగటమంటిలో దిగబడినవానిని పైకెత్తి, బండమీద నిలువబెట్టిన దేవుడు అక్కడ కనబడుచున్నాడు.

మీలో కొందరికి ఈ అనుభవము కలదు. జ్వరములో వైద్యులు ఆశ వదలుకొన్న రాత్రి, కాలువలో బిడ్డ జారిపడిన మధ్యాహ్నము మీరు పెట్టిన మొఱ దేవుడు వినెను. ఆ దినమును మరువవద్దు. అయితే ఒక సంగతి గమనించుడి. రెస్క్యూ ప్రాణమును కాపాడును. హృదయము మారినదో లేదో చెప్పదు. బావినుండి తీయబడిన ఎద్దు మరునాడు అదే గట్టున మేయవచ్చును.

2. గుంజకు కట్టిన ఎద్దు

ఈ ఎద్దునకు అపాయమేమియు లేదు. నీడలోనే ఉన్నది. కాని దాహమగుచున్నది, తొట్టి ఎదుటనే ఉన్నను అందుకొనజాలదు. దీనికి కావలసినది పలుపు విప్పు చేయి. ఇంగ్లీషులో ఇది రిలీజ్. లాటినులో సడలించుట, వదులుచేయుట అను అర్థముగల మాటనుండి ఇది పుట్టినది.

పదునెనిమిది ఏండ్లు నడుము వంగియున్న స్త్రీని సమాజమందిరములో ప్రభువు బాగుచేయగా, ఆ మందిరపు అధికారి కోపపడెను. విశ్రాంతిదినమున మీ ఎద్దును గాడియొద్దనుండి విప్పి నీళ్లకు తోలుకొనిపోరా అని ప్రభువు అతని నోరు మూయించెను. వారు ఎద్దునకు చేయు పనినే తాను అబ్రాహాము కుమార్తెకు చేసితినని చెప్పెను. ఆ స్త్రీ రోగము ఆయన కన్నులకు కట్టుగా కనబడెను. కట్టు కనబడినందుననే విప్పెను.

రిలీజ్ అను మాటలో అధికారమను భావము కూడ ఉన్నది. చెరసాల తలుపును దారిన పోవువాడు తీయజాలడు; అధికారము గలవాడే తీయవలెను. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో ఏడవ సంవత్సరమున అప్పిచ్చినవాడు తానే అప్పు విడిచిపెట్టవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. పాత ఇంగ్లీషు బైబిలు అక్కడ రిలీజ్ అను మాటనే వాడినది. ఎవరును వచ్చి సొమ్ము చెల్లింపరు. పట్టుకొన్నవాడే గుప్పిలి తెరచును.

అయితే విడుదల కలిగినను అది తెలియనివాడు కట్టుబడినట్లే బ్రదుకును. అమెరికా దేశములో యుద్ధము జరుగుచున్న దినములలో, తిరుగుబాటుచేసిన రాష్ట్రములలోని బానిసలు స్వతంత్రులని అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ 1863 జనవరి 1న ప్రకటించెను. టెక్సాసు రాష్ట్రపు గాల్వెస్టన్ పట్టణములో ఆ సంగతి సేనాధిపతి ఆజ్ఞగా చదువబడినది 1865 జూన్ 19న. నడుమ రెండున్నర ఏండ్లు గడచెను. ఆ రెండు పంటకాలములలోను అక్కడివారు యజమానుల పొలములలోనే చెమటోడ్చిరి. అందువలననే ప్రభువు నజరేతులో నిలువబడి, చెరలోనున్నవారికి విడుదలను ప్రకటించుటకు తాను పంపబడితినని చెప్పెను (లూకా 4:18). విడుదల ఉన్నయెడల దానిని చాటువాడును ఉండవలెను. మన పొరుగు పల్లెలో ప్రభువు క్షమాపణ ఇంకను చదువబడని గాల్వెస్టన్ ఉన్నదేమో ఆలోచించుడి.

3. అప్పుక్రింద పోయిన ఎద్దు

ఈ ఎద్దు బావిలో లేదు. దాని మెడలో పలుపును పెద్ద భారము కాదు. అది పరుల పాకలో సుఖముగనే మేయుచుండవచ్చును. కాని మనది కాకుండ పోయినది. దానిని ఇంటికి తెచ్చుటకు బలము చాలదు, కత్తి చాలదు. వెల చెల్లింపవలెను. ఇంగ్లీషులో ఇది రిడీమ్. లాటిను భాషలో తిరిగి కొనుట అని దాని అర్థము. రాన్సమ్ అను మరియొక మాట కలదు. చెరపట్టినవానికి చెల్లించు వెల అని దాని భావము. చిత్రమేమనగా, రిడీమ్, రాన్సమ్ అను రెండును ఒకే లాటిను మాట సంతతి. ఒకటి ఫ్రెంచివారి నోట నలిగి రూపు మారినది. ఇవి కవల పిల్లలవంటివి. అయినను వాటి చూపు వేరు. రాన్సమ్ చెల్లించిన వెలవైపు చూచును. రిడీమ్ తిరిగి ఇల్లు చేరిన ఆస్తివైపు చూచును.

లేవీయకాండము 25వ అధ్యాయమును ఈ నెలలో ఇంట కూర్చుండి చదువుడి. బీదవాడై పొలము అమ్ముకొన్నవాని సమీప బంధువు వచ్చి దానిని విడిపింపవలెను. తన్నుతాను అమ్ముకొన్నవానిని అన్నదమ్ములైనను, పినతండ్రియైనను, అతని కుమారుడైనను విడిపింపవచ్చును. ఇక్కడ విడిపించువాడు బాటసారి కాడు; రక్తసంబంధి. బోయజు పట్టణద్వారమున కూర్చుండి, పెద్దల యెదుట నయోమి పొలమును విడిపించి, రూతును ఇల్లాలిగా చేసికొన్న కథ మీరెరిగినదే. అతనికంటె దగ్గరి బంధువు ఒకడుండెను. పొలమనగా సరేననెను, రూతును కూడ చేపట్టవలెనని వినగానే తన స్వాస్థ్యము చెడునేమోనని వెనుకకు తగ్గెను. వెలయనగా ఏమో ఆ మనుష్యుడు బాగుగా ఎరుగును.

ప్రభువు తన ప్రాణమును అనేకులకు ప్రతిగా ఇచ్చుటకు వచ్చితినని చెప్పినచోట (మార్కు 10:45) మన తెలుగు బైబిలు విమోచన క్రయధనము అని వ్రాసినది. ఇంగ్లీషులో రాన్సమ్ అను ఒక్క మాటలో అణిగియున్న సంగతిని మన తెలుగు మాట విప్పి చూపుచున్నది. క్రయము జరిగినది, ధనము చెల్లింపబడినది. అందుకొరకు ఆయన మొదట మనకు బంధువయ్యెను. రక్తమాంసములు ధరించి మన యింటివాడైన తరువాతనే మన అప్పును తనమీద వేసికొనెను. దూరముగా నిలిచి వెల విసరివేయలేదు.

ఆ విధవరాలికి కావలసినది ఇదియే. ఆమె బావిలో పడలేదు. ఆమెకు బంధువు కావలసియుండెను. గేదె పోయిన తరువాత నాకు సిగ్గు కలిగి సంఘపెద్దలను పిలిచితిని. ఒక పెద్ద ఆమె దాచిన చీటీలన్నియు ముందుపెట్టుకొని లెక్క వేసెను. కట్టిన వడ్డీ అప్పటికే అసలును మించియుండెను. ఇద్దరు పెద్దలు వెళ్లి అప్పిచ్చినవానితో ఒక పూటంతయు కూర్చుండిరి, గద్దింపలేదు, వేడుకొననులేదు, లెక్క చూపిరి. చివరకు అసలులో మిగిలినది తీసికొని నోటు ఇచ్చివేయుటకు అతడు ఒప్పుకొనెను. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మి కూడబెట్టిన సొమ్ము తెచ్చిరి. నోటు ఆమె చేతికి వచ్చిన దినమున దానిని పొయ్యిలో పెట్టి, అది కాలువరకు చూచుచు నిలువబడెను. గేదె మాత్రము తిరిగి రాలేదు. మేము నెల ఆలస్యముగా వెళ్లితిమి.

4. కాడి మోయుచున్న ఎద్దు

ఇది బావిలో లేదు, పరుల పాకలో లేదు. తన పొలములోనే తన పని చేయుచున్నది. కాని ఎండ మండుచున్నది, మెడ ఒరసిపోయినది. పని మానుటకు వీలు లేదు. వాన పడినది, విత్తనము వేయవలెను. అప్పుడు మంచి సేద్యగాడు ఏమి చేయును? కాడిని సరిచేయును, మెడకు నూనె రాయును, నీడకు తోలి నీళ్లు పెట్టును, మరల కట్టును. ఇంగ్లీషులో ఇది రిలీవ్. బరువును తేలికచేయుట అని దాని మూలార్థము. దానినుండియే రిలీఫ్ అను మాట వచ్చినది. ఆ మాట మన పల్లెలలో అందరికిని తెలియును. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన విరుచుకొనిపడినప్పుడు చెట్లను పట్టుకొని ప్రాణములు దక్కించుకొన్నవారిని దింపి తెచ్చుట రెస్క్యూ. అటుతరువాత వారికి గంజి పోసి, గుడ్డలు ఇచ్చి, గుడిసెలు వేయించుట రిలీఫ్. మొదటిది గడియలలో ముగియును. రెండవది నెలలు పట్టును. మొదటిదానిని వార్తాపత్రికలు వ్రాయును. రెండవదానిని దేవుడు వ్రాసికొనును.

యూదయలోని సహోదరులకు కరవు వచ్చినప్పుడు అంతియొకయ సంఘము తమతమ శక్తికొలది పంపిన సహాయమును (అపొస్తలుల కార్యములు 11:29) పాత ఇంగ్లీషు బైబిలు రిలీఫ్ అనియే పిలిచినది. ఆ సొమ్ము కరవును తీసివేయలేదు. కరవులో వారిని నిలువబెట్టినది.

ప్రియులారా, మన ప్రార్థనలలో ఎక్కువ తొట్రుపాటు ఇక్కడనే కలుగుచున్నది. రెస్క్యూ కొరకు అడుగుదుము. దేవుడు రిలీఫ్ ఇచ్చును. ఇవ్వలేదని అందుము. పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను. ముల్లు తీయబడలేదు, దానిని మోయుటకు కృప ఇయ్యబడెను (2 కొరింథీయులకు 12:7–9). ప్రయాసపడి భారము మోయుచున్నవారిని ప్రభువు పిలిచినప్పుడు, కాడియే లేని బ్రదుకును వాగ్దానము చేయలేదు. తన కాడి సుళువైనదని చెప్పెను (మత్తయి 11:28–30). బాగుగా చెక్కిన కాడి మెడను కోయదని మనకు తెలియును. జంటగా మోయువాడు బలవంతుడైనయెడల బరువు అతనిమీదికి ఒరుగునని కూడ మనకు తెలియును.

5. దాటించి అప్పగించుట

నాలుగు ఎద్దుల సంగతి చెప్పితిని. ఇంక రెండు పెద్ద మాటలు మిగిలినవి. మొదటిది డెలివర్.

ఈ మాట మన ఆడవారికి బాగుగా తెలియును. “ఆసుపత్రిలో డెలివరీ అయింది, తల్లీ బిడ్డా క్షేమం” అని కబురు పంపుదుము. మరియమ్మకు ప్రసవదినములు నిండినవని చెప్పుచోట (లూకా 2:6) పాత ఇంగ్లీషు బైబిలు ఆ మాటనే వాడినది. తపాలావాడు ఉత్తరము తెచ్చి మన చేతికి ఇచ్చినను డెలివరీయే. స్వతంత్రునిగా చేయుట అను అర్థముగల లాటిను మాటనుండి ఇది వచ్చినది. ఈ వాడుకలన్నిటిలోను ఒక సంగతి సమానముగా నున్నది. ఒకచోటనుండి తీసి మరియొకచోటికి చేర్చుట. బిడ్డ గర్భములోనుండి బయటికి వచ్చుట సగము పని; తల్లి ఒడిలో చేరుట తక్కిన సగము.

దేవుని పని ఈలాటిదే. ఐగుప్తీయుల చేతిలోనుండి విడిపించుటకు మాత్రమే గాక, మంచి దేశమునకు చేర్చుటకు దిగివచ్చితినని ఆయన మోషేతో చెప్పెను (నిర్గమకాండము 3:8). చీకటి అధికారములోనుండి తీసి, తన కుమారుని రాజ్యములో మనలను చేర్చెనని పౌలు వ్రాసెను (కొలస్సయులకు 1:13). దేనినుండి అను ప్రశ్నకు జవాబు తెలిసి, దేనిలోనికి అను ప్రశ్నకు జవాబు తెలియనివాడు అరణ్యములో తిరుగుచున్న ఇశ్రాయేలీయునివంటివాడు. కల్లు మానినవాడు ఆ సాయంకాలము ఎక్కడ కూర్చుండవలెనో మనము చూపకపోయినయెడల మరల కల్లుపాక గుమ్మముననే కూర్చుండును.

ఈ మాటయందు మరియొక ఓదార్పు కూడ కలదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో పేతురు సంకెళ్లు ఊడిపడెను. అదే అధ్యాయములో, కొద్ది వచనములకు ముందు, యాకోబు ఖడ్గముచేత చంపబడెను. సంఘము పేతురును ప్రేమించి యాకోబును ప్రేమింపలేదా? దేవునికి ఒకని పేరు జ్ఞాపకముండి మరియొకని పేరు లేకపోయెనా? పౌలు చివరి పత్రికను చూడుడి. సింహము నోటనుండి తాను విడిపింపబడితినని చెప్పుచున్నాడు. తన మరణము సమీపించినదనియు అదే అధ్యాయములో చెప్పుచున్నాడు. అయినను ప్రభువు ప్రతి దుష్కార్యమునుండి తన్ను విడిపించి పరలోక రాజ్యమునకు చేర్చునని నిబ్బరముగా వ్రాయుచున్నాడు (2 తిమోతికి 4:6, 17, 18). అతనికి రెస్క్యూ ఒకప్పుడు కలిగినది, మరియొకప్పుడు కలుగలేదు. డెలివరెన్స్ మాత్రము తప్పలేదు. మన మూలవాక్యములో అతడు మూడు కాలములు పలికినది ఇందుకే. ఆయన విడిపించెను, విడిపించుచున్నాడు, ఇకమీదటను విడిపించును. బిడ్డను కోల్పోయిన తల్లులారా, ప్రార్థించినను పెనిమిటి దక్కని సహోదరీలారా, మీ ప్రార్థన నేలను పడలేదు. ఆయన వారిని వేరొక ఒడ్డున దించెను.

6. క్షేమముగా నిలుపుట

సేవ్ అను మాట అన్నిటికంటె వెడల్పైనది. మన భాషలో రక్షించుట. రక్తస్రావముగల స్త్రీతో ప్రభువు చెప్పిన మాటయు (మార్కు 5:34), ఆయన పాదములమీద కన్నీరు విడిచిన పాపాత్మురాలితో చెప్పిన మాటయు (లూకా 7:50) గ్రీకులో ఒక్కటే. పాత ఇంగ్లీషు బైబిలు మొదటిదానిని స్వస్థతగాను రెండవదానిని రక్షణగాను తర్జుమా చేసినది. శరీరమైనను ఆత్మయైనను, మనుష్యుడు సంపూర్ణుడై క్షేమముగా నిలుచుటయే రక్షణ.

రెస్క్యూకును సేవ్‌కును ఎంత దూరమున్నదో తెలిసికొనుటకు ఒక మనుష్యుని చరిత్ర చాలును. ఇంగ్లండులో 1725లో పుట్టిన జాన్ న్యూటన్ యౌవనములో నావికుడై, ఆఫ్రికా పడమటి తీరమున ఒక బానిస వ్యాపారి యింట హీనముగా చూడబడెను. తండ్రి కోరికమీద ఒక ఓడవారు అతనిని వెదకి తీసికొనిపోయిరి. 1748 మార్చిలో ఆ ఓడ పెనుతుపానులో చిక్కి మునుగునట్లుండగా అతడు దేవునికి మొఱపెట్టెను. ఓడ బ్రదికి బయటపడి ఐర్లండు తీరము చేరెను. ఆ దినమును అతడు జీవితాంతము జ్ఞాపకముంచుకొనెను.

అయితే ఆ వెనుక ఏమి చేసెను? బానిసలను కొని తెచ్చు ఓడలలోనే పనిచేసి, వాటికి కెప్టెను కూడ అయ్యెను! సముద్రమునుండి తీయబడినవాడు అదే సముద్రముమీద తోటి మనుష్యులను సంకెళ్లతో తీసికొనిపోయెను. 1754లో జబ్బుచేసి ఆ పని వదలుకొనెను. 1764లో బోధకుడుగా అభిషేకము పొందెను. అమేజింగ్ గ్రేస్ అను ప్రసిద్ధమైన కీర్తనను వ్రాసినది ఇతడే. బానిస వ్యాపారములో తన పాలు ఒప్పుకొని, దాని ఘోరమును వెల్లడించు పుస్తకమును 1788లో ప్రకటించెను. తుపానునకును ఆ పుస్తకమునకును నడుమ నలువది ఏండ్లు! ఆ వ్యాపారమును నిషేధించు చట్టము 1807 మార్చిలో జరుగగా చూచి, ఆ డిసెంబరులో కన్నుమూసెను.

ఒక రాత్రిలో దేవుడు అతనిని నీళ్లలోనుండి తీసెను. అతనిలోనుండి ఆ వ్యాపారమును తీయుటకు నలువది ఏండ్లు ఓర్చుకొనెను. మనలో ఎంతమంది మన తుపానును మాత్రమే సాక్ష్యము చెప్పుకొనుచు, మన ఓడలో ఎవరు కట్టబడియున్నారో చూడకయున్నాము? జీతగానికి కూలి నిలిపిన సహోదరుడా, కోడలిని ఏడిపించు అత్తగారూ, ప్రభువు నిన్ను జ్వరమునుండి లేపెను, సంతోషము. నీ చేతిక్రింద ఉన్నవారి సంగతి ఏమి?

7. సిలువయొద్ద

ఇంత దూరము వేరువేరుగా చెప్పిన మాటలు ఒకచోట కూడుకొన్నవి. మత్తయి 27వ అధ్యాయమును తెరువుడి. పిలాతు బరబ్బను విడుదల చేసెను. పాత ఇంగ్లీషులో రిలీజ్. అదే వచనములో యేసును సిలువకు అప్పగించెను, ఇంగ్లీషులో డెలివర్. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కీడునుండి తప్పించుమను చోట ఉన్న మాటయు ఇదియే. మన తెలుగు అప్పగించుట, తప్పించుట అని రెంటిని విడదీసి చెప్పును. గ్రీకులోను అవి వేరు మాటలే. ఇంగ్లీషులో ఒకే మాట రెండు పనులు చేయుచున్నది. అది భాషలో తటస్థించిన సంగతియే కావచ్చును. కాని సువార్త సారము అందులో కనబడుచున్నది. ఆయన అప్పగింపబడెను గనుక మనము తప్పింపబడితిమి.

క్రిందికి చదువుడి. ఇతరులను రక్షించెను, తన్నుతాను రక్షించుకొనలేడని శాస్త్రులు ఎగతాళి చేసిరి. దేవునికి ఇష్టుడైతే ఆయన వచ్చి తప్పించునని నవ్విరి. ఎవరును తప్పింపలేదు. బావిలోనుండి అందరిని తీయువాడు బావిలోనే ఉండిపోయెను. కట్లు విప్పువాడు మేకులతో కొట్టబడెను. వెల చెల్లించువాడే వెల ఆయెను. బరబ్బ మాత్రము స్వేచ్ఛగా వీధిలోనికి నడచిపోయెను. ఆ బరబ్బ పేరుచోట మీ పేరు పెట్టి ఒకసారి చదువుకొనుడి.

మనము చేయవలసినది

ఈ నెల ప్రార్థనకూటములలో ఎవరైనను మనవి చెప్పినప్పుడు, తొందరపడి మోకరింపక ముందుగా ఒక ప్రశ్న అడుగుడి: వీరు ఏ ఎద్దు? బావిలోనిదైనయెడల మోకు తెండి, ప్రార్థించుచు పరుగెత్తుడి. గుంజకు కట్టినదైనయెడల పలుపు ఎవరి చేతిలో ఉన్నదో కనుగొనుడి. అది మీ చేతిలోనే ఉన్నయెడల, పగ పట్టియున్నయెడల, వడ్డీమీద వడ్డీ వ్రాసియున్నయెడల, మీరే విప్పుడి. అప్పుక్రింద పోయినదైనయెడల బంధువులుగా కూడి లెక్క చూడుడి. కాడి మోయునదైనయెడల ఒక వైపు మీ మెడ పెట్టుడి. మంచముపట్టిన అత్తను ఏండ్లతరబడి చూచుకొనుచున్న కోడలికి ఒక్క ఆదివారము ఆ మంచము ప్రక్కన మీరు కూర్చుండి, ఆమెను ఆరాధనకు పంపుడి. అది గొప్ప రిలీఫ్.

ఇవేవియు ప్రార్థనకు బదులు కావు. మేలుచేయు చేతులు లేని ప్రార్థన నాది. అది ఆ విధవరాలి గుమ్మమువరకే వెళ్లినది.

ఆ యువకుడు మరల సెలవులకు వచ్చినప్పుడు చెప్పుటకు ఇంకొక్క మాట దాచియుంచితిని. ఇంగ్లీషులో స్వతంత్రునికి ఫ్రీ అందురు. స్నేహితునికి ఫ్రెండ్ అందురు. ఈ రెండును ప్రేమించుట అను అర్థముగల ఒకే పాత వేరునుండి మొలచినవి. మనలను ఇకను దాసులని పిలువక స్నేహితులని పిలిచెదనని ప్రభువు చెప్పెను (యోహాను 15:15). బావినుండి తీసి, కట్టు విప్పి, వెల చెల్లించి, బరువు దించి, ఆయన మనలను దారిన విడిచిపెట్టలేదు. తన యింట, తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను.

ప్రార్థన

మమ్మును ఎరిగిన తండ్రీ, మేము ఒక్క మాటతో మొఱపెట్టినను మా కష్టము ఏ విధమైనదో నీవెరుగుదువు. పడినవారిని లేవనెత్తుము. కట్టబడినవారిని విప్పుము. అమ్ముడుపోయినవారిని నీ కుమారుని వెలచేత నీ యింటికి చేర్చుము. భారము మోయువారికి నీవే జంటగా నుండుము. మా గుప్పిలిలో బిగించినవారిని విడిచిపెట్టు మనస్సు మాకు దయచేయుము. మాకొరకు అప్పగింపబడిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.